పనసచెక్క పెట్టెలో జముకు

మొన్న మా అమ్మాయి విశాఖపట్నం నుంచి వస్తూ అరచేతిలో ఇమిడే స్పీకరొకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను టీవీ సౌండు మరీ పెంచేస్తున్నానని, వీధి చివరిదాకా వార్తలు వినబడుతున్నాయని వాళ్లమ్మ ఫోనులో చెప్పిన చాడీల ఫలితం అది, టీవీకి కలిపి పక్కనే పెట్టుకుని వినమట. అటూ ఇటూ తిప్పి చూశాను. బరువు లేదు, తీగ లేదు, విప్పడానికి ఒక్క స్క్రూ అయినా లేదు. కాశీబుగ్గలో ఇంటి వెనక రేకుల షెడ్డులో కూర్చుని జీవితమంతా టేప్‌రికార్డర్లు విప్పి బిగించినవాడి చేతిలో స్క్రూ లేని వస్తువు పెడితే ఎలా ఉంటుందో నా ఈడువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పాట బాగానే వచ్చిందనుకోండి. అయినా నా చూపు పెరట్లోకే పోయింది. ఆ షెడ్డులో ఇప్పటికీ, పాత దుప్పటి కింద, ఇద్దరు పట్టుకుంటే గానీ కదలని పనసచెక్క పెట్టె ఉంది.

తొంభైల చివర మన కుర్రకారుకి పట్టిన బేస్ పిచ్చి మీకూ గుర్తుండే ఉంటుంది. టీ దుకాణంలో గ్లాసులు కదలాలి, ఆటోలో వెనక కూర్చున్నవాడి గుండె అదరాలి, అప్పుడే అది పాట. డబ్బులున్నవాళ్లు పెద్ద పెట్టెలు కొనుక్కునేవారు, లేనివాళ్లు కుండ మూతి మీద స్పీకరు బోర్లించి, అదే బేసని మురిసిపోయేవారు. నా దగ్గరకి పెట్టెలు చేయించుకోవడానికి చాలామందే వచ్చేవారు గానీ, ఈ పనస పెట్టె మాత్రం ఎవరూ అడగకుండా నాకు నేనుగా మొదలుపెట్టింది. అది మా మావయ్య కోసం.

మావయ్యంటే మా అమ్మకి తమ్ముడు, నాకు పిల్లనిచ్చిన మావ కూడాను. అక్కుపల్లిలో ఉండేవాడు, బతుకంతా సముద్రం మీదే. వయసులో ఉన్నప్పుడు వేట లేని రోజుల్లో జముకుల కథ చెప్పేవాళ్లతో వెళ్లి జముకు వాయించేవాడు. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను, జముకంటే ఒకవైపు తోలు మూసిన చిన్న గుమ్మటం, ఆ తోలు మధ్యలోంచి ఒక నరం తీస్తారు, గుమ్మటాన్ని చంకలో ఇరికించుకుని ఆ నరాన్ని బిగిస్తూ వదులుతూ మీటితే మనిషి కడుపులోంచి మూలిగినట్టు మోగుతుంది. కథ చెప్పే ఆయన ఏడిపిస్తే జనం ఏడ్చేవారు గానీ, ఆ ఏడుపుని ముందే గొంతు దాకా తెచ్చిపెట్టేది మాత్రం మావయ్య జముకేనని మా అమ్మ గర్వంగా చెప్పుకునేది.

పడవలకి ఇంజన్లు వచ్చాక మావయ్య ఎప్పుడూ ఇంజను పక్కనే కూర్చునేవాడు. ఆ రొదలో ఏళ్లు గడిచేసరికి చెవులు పోయాయి. ఒక్కసారిగా కాదు, ముందు పిల్లల మాటలు, తర్వాత అత్తయ్య మాటలు, చివరికి రేవులో కేకలు. నలుగురూ నవ్వితే ఒక్క క్షణం ఆలస్యంగా తనూ నవ్వేవాడు. కొన్నాళ్లకి ఆ నవ్వడమూ మానేసి, నలుగురూ ఉన్నచోటికి రావడమే మానేశాడు. అంత మాటకారి అలా గోడకి చేరగిలబడి కూర్చుంటే మా ఆవిడ పుట్టింటికి వెళ్లొచ్చినప్పుడల్లా రెండు రోజులు సరిగ్గా అన్నం తినేది కాదు.

మావయ్య వాయించిన కథ ఒకటి, ఎప్పుడో అమ్మవారి సంబరంలో ఎవరో రికార్డు చేసిన క్యాసెట్టు, నా దగ్గర ఉండేది. రికార్డు చేసినవాడు టేప్‌రికార్డరు సరిగ్గా మావయ్య మోకాలి దగ్గర పెట్టడంతో కథకుడి గొంతు దూరంగా, జముకు దగ్గరగా పడింది. అందుకే అది ఎవరికీ నచ్చేది కాదు. ఒకసారి దాన్ని చిన్న టేప్‌రికార్డర్లో సౌండంతా పెంచి మావయ్య చెవి దగ్గర పెట్టాను. చాలాసేపు విని తల అడ్డంగా ఊపాడు.

"రేకుడబ్బాలో గులకరాళ్లు ఏసినట్టుంది. అది నా జముకు కాదురా అల్లుడా. నాను అలగ వాయించనేదు."

ఆ మాట నన్ను చాలా రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. చెవులు పోతే పోయాయి, తను వాయించిందే తనది కాదనుకుంటున్నాడే అని బాధ. అయితే ఇంటి ముందు నుంచి లారీ వెళితే మావయ్య తల తిప్పి చూడటం నేను గమనించాను. అంటే లోతైన బేస్ శబ్దం ఇంకా అందుతోందన్నమాట. అందేలా వినిపించగలిగితే చాలు కదా అనిపించింది.

తుఫానుకి అత్తయ్యవాళ్ల తోటలో ఒక పనసచెట్టు పడిపోయింది. దాన్ని పలకలు కోయించి తెచ్చుకున్నాను. పెళ్లిళ్లకి మైకులు కట్టేవాడు పక్కన పడేసిన పన్నెండంగుళాల స్పీకరు దొరికింది. గాలి బయటికి రావడానికి బోరు పైపు ముక్క బిగించాను, లోపల పాత పరుపు దూది అతికించాను, సందులన్నీ రంపపు పొట్టు కలిపిన జిగురుతో పూడ్చాను. పసుపురంగు పనస పొట్టు షెడ్డులోనే కాదు, మా ఆవిడ ఆరేసిన బట్టల్లోనూ చేరి నాకు చీవాట్లు తెచ్చిపెట్టింది.

ఒకరోజు పొద్దున్న ఇల్లు ఊడ్చేవేళ మావయ్య, అత్తయ్య వచ్చారు. నేను సాంబ్రాణి పొగ పెట్టి పెట్టె మూలలు చూస్తున్నాను, గాలి కారేచోట పొగ వణుకుతుంది. ఒక మూల వణికింది. మావయ్య వంగి చూసి, అర్థమైందన్నట్టు నా భుజం తట్టాడు. నేను ఆంప్లిఫైయరు తేవడానికి టెక్కలి బస్సెక్కాను.

తిరిగొచ్చేసరికి నా పెట్టె నల్లగా నిగనిగలాడుతోంది. మావయ్య ఏం చేశాడంటే, కారే పడవకి ఏం చేస్తారో అదే చేశాడు. జీడితొక్కల్లోంచి తీసే నూనె డబ్బా ఎక్కడి నుంచో తెచ్చి, ఉప్పుగాలికి చెక్క చెడకుండా ముందూ వెనకా దట్టంగా పూసేశాడు. పలాస చుట్టుపక్కల పుట్టినవాళ్లకి ఆ నూనె సంగతి తెలుసు, ఆరకముందు ఒంటికి తగిలితే చర్మం కాలి పొక్కిపోతుంది. ముసురు రోజులు, ఎప్పటికి ఆరుతుందో తెలీదు. నాకు ఒళ్లు మండింది గానీ, మావయ్య మాత్రం మోడా వేసుకుని, చేతులు తుడుచుకుని, పెళ్లికొడుకులా కూర్చున్నాడు. ఇక ఆ మనిషికి రేపు రమ్మని ఎలా చెప్పను?

వెనక నుంచి తీగలు జాగ్రత్తగా కలిపి క్యాసెట్టు పెట్టాను. మొదటి మీటు పడగానే షెడ్డు రేకులు గలగలమన్నాయి. మావయ్య లేచి నిలబడ్డాడు. "ముట్టుకోకు మావా, ఆరనేదు!" అని అరుస్తూ వద్దని చెయ్యి ఊపాను. నా అరుపు వినబడలేదు, ఊపిన చెయ్యి మాత్రం కనబడింది. రమ్మంటున్నాననుకుని గబగబా వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, కుడిచెంప పెట్టెకి ఆనించేశాడు.

"ఓలమ్మో, మొగం కాలిపోతాది, లెగయ్యా!" అని అత్తయ్య గుండెలు బాదుకుంది. నేను పట్టి లాగబోతే మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఉండనియ్యి. సూడు ఒకసారి."

చూశాను. మావయ్య ఎడమచంక బిగుసుకుంది, కుడిచేతి వేళ్లు గాలిలో నరం మీటుతున్నాయి. క్యాసెట్టులో పడిన ప్రతి దెబ్బకీ ఆ వేళ్లు సరిగ్గా అక్కడే పడుతున్నాయి. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, మంటకో మరి దేనికో.

"నాదేరా! ఇది నా జముకే!" అన్నాడు, చెవులు వినబడనివాళ్లు అరిచినట్టు గట్టిగా. వీధి వీధంతా వచ్చి చూసింది.

చెంప పొక్కి, వాచి, తోలు ఊడింది. అత్తయ్య కొబ్బరినూనె రాస్తూ నన్నూ ఆయన్నీ కలిపి తిట్టింది. మావయ్య మాత్రం ఆ నల్లమచ్చ వేసుకుని రేవంతా తిరిగి, కనబడినవాడికల్లా చెంప చూపించి సంగతి చెప్పుకున్నాడు. నలుగురిలోకి మళ్లీ అలా వచ్చాడు. తర్వాత వేట లేనప్పుడల్లా మా ఇంటికి వచ్చేవాడు, చెంప ఆనించేవాడు. పోయేదాకా అదే వరస.

ఇప్పుడు ఎవరి పాట వాళ్ల చెవిలోనే ఉంటోంది. మంచిదే, ఎవరికీ ఇబ్బంది లేదు. పాట దగ్గరకి మనిషి లేచి వెళ్లే పనే లేకుండా పోయింది. అదొక్కటే నాకు వెలితి.

అమ్మాయి వెళ్లిపోయాక షెడ్డులోకి వెళ్లి దుప్పటి తీశాను. పెట్టె ముందువైపు నూనె లేచిపోయి చెంపంత మేర పనస పసుపు అలాగే ఉంది. క్యాసెట్టు పెట్టాను. దూరం నుంచి సరిగ్గా వినబడలేదు. నిజం చెప్పాలంటే ఈమధ్య నాకూ చాలా మాటలు వినబడటం లేదు, టీవీ సంగతి వట్టి చాడీ కాదు. మోకాళ్ల మీద కూర్చుని ఆ పసుపు మీద చెంప ఆనించాను. జముకు ఎముకల్లోకి వచ్చింది.

గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఏదో అంటూ చెయ్యి ఊపింది. రమ్మంటోందో, వద్దంటోందో తెలియలేదు. నేను చెంప తియ్యలేదు.