ఎదరంటే ఎదరే

మూడక్షరాల మాట ఒకటి నా గుండెల మీద కూర్చుని ఏళ్ళయింది. దించుకోవడం చేతకాలేదు. ఇక మొయ్యడానికి వయసు లేదు. అది బూతు కాదు, తిట్టు కాదు, మా వైపు పసిపిల్లలు కూడా పలికే మాట. ఎదర.

మీరు ముందు అంటారు, ఎదురుగా అంటారు. మా శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి ఎదరే. ఆ ఒక్క మాటతో నేను ఒక ఆడపిల్ల చేతిలోని పని లాగేశాను. మీరెవరో నాకు తెలియదు కనక మీకు చెప్పగలుగుతున్నాను. నన్నెరిగినవాళ్ళకి చెబితే ఓదార్చడం మొదలెడతారు. అది నాకు అక్కర్లేదు.

నా పేరు రాయను. శృంగవరపుకోటలో రేడియోలు బాగుచేసే కొట్టు నడిపేవాణ్ణి. చదువు పదో తరగతితో సరి. రేడియోల కాలం పోయాక కంప్యూటర్లు విప్పడం నేర్చుకున్నాను. నాకు గురువు లేడు. ఇంగ్లీషు పుస్తకాలు, పక్కన నిఘంటువు, అంతే. అలా నేర్చుకుని, విజయనగరం శివార్లలో ఒక సంస్థ డేటా సెంటర్ పెడితే అందులో కంప్యూటర్లుండే హాలు బాధ్యత చూసే స్థాయికి వచ్చాను. ఎవరి సిఫార్సూ లేదు. ఈ మాట గొప్పకి రాయడం లేదు. గొప్పకే రాస్తున్నానా? ఏమో. పట్టాలున్నవాళ్ళ మధ్య పట్టా లేకుండా తిరిగినవాడికి ఈ జబ్బు పోదు. నా వెనక 'రేడియో మాస్టారు' అని నవ్వుకునేవారని నాకు తెలుసు. ఆ నవ్వులు ఇప్పటికీ ఒక్కొక్కటీ గుర్తున్నాయి.

ఆ అమ్మాయి పేరు ఎస్తేరు అనుకోండి. నౌపడ పిల్ల. తల్లి మిషను ఆస్పత్రిలో నర్సు. డిప్లొమా చేసి మా దగ్గర చేరింది, ఉద్యోగం ఇంకా ఖాయం చెయ్యలేదు. నన్ను మావయ్యా అని పిలిచేది. సొంతూరు వెళ్ళొచ్చినప్పుడల్లా మా ఇంటికి ఉప్పు తెచ్చేది, వాళ్ళ మడుల ఉప్పు. మా ఆవిడ ఆ ఉప్పుతోనే ఊరగాయ పెట్టేది, ఆ పిల్లని తలుచుకుంటూ. అంటే వాళ్ళ ఊరి ఉప్పు తింటూనే ఈ పని చేశాను. మాటవరసకి కాదు, నిజంగానే తింటూ.

పని అంతా నేనే నేర్పాను. నేర్పినంత కాలం బాగానే ఉంది. ఆమె నాకంటే బాగా చెయ్యడం మొదలెట్టాక బాగులేదు.

ఎలా చెప్పను? నేను యంత్రంలోంచి ఒక భాగాన్ని బయటికి లాగితే లాగినట్టుండేది. ఆమె లాగితే అది తనంతట తనే వచ్చినట్టుండేది. పని చేస్తూ ప్రార్థన పాటేదో సన్నగా తీసేది. ఆ పాట వింటే హాలులో అందరి మొహాలూ తేటపడేవి. నా మొహం తప్ప. యంత్రాల మీద ఏ దీపం ఎర్రబడినా ఒకప్పుడు నన్ను కేకేసేవారు, తర్వాత తర్వాత ఆమెను కేకేశారు. ఒకరోజు మేనేజరు నా టేబులు దగ్గరే నిలబడి, నన్ను దాటి ఆమెను చూస్తూ ప్రశ్న అడిగాడు. అది నాకు తెలిసిన సంగతే. ఆమెకూ తెలుసు. ఆమె నా వైపు చూసి, మావయ్య చెప్తారండీ అంది. ఆ మర్యాద నాకు చెంపదెబ్బలా తగిలింది. నా చోటు ఆమె నాకు దానం చేస్తోందనిపించింది. కుళ్ళు అంటే అదే. ఎదుటివాళ్ళ మంచితనం కూడా అరగదు.

అప్పుడే వార్త పొక్కింది. ఆమెను ఖాయం చేసి హాలు బాధ్యత అప్పగిస్తారట, నేను ఆమె కింద పనిచెయ్యాలట. రిటైరు కాబోయే ముసలివాడికి అదేం పెద్ద విషయం అంటారా? మీకు కాదు లెండి.

ఇప్పుడు కొంచెం యంత్రం సంగతి చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. స్విచ్ అంటే దీపం వేసే స్విచ్ కాదు. హాలులోని కంప్యూటర్లన్నిటినీ ఒకదానితో ఒకటి మాట్లాడించే ఇనప పెట్టె. దానికి ఒక వైపు తీగలు, రెండో వైపు ఫ్యాన్లు. ఫ్యాన్లు చెడితే పెట్టెను ఆపకుండానే పాతవి లాగి కొత్తవి తొయ్యొచ్చు. ఆ ఫ్యాన్లు రెండు రకాలు. గాలిని తీగల వైపు నుంచి పీల్చేవి, తీగల వైపుకి ఊదేవి. పైకి చూస్తే కవల పిల్లలే, తేడా డబ్బా మీది అక్షరాల్లోనే. హాలులో ఒక వరస చల్లగా ఉంటుంది, ఒక వరస వేడిగా. పెట్టె చల్ల వరస నుంచి పీల్చి వేడి వరసలోకి వదలాలి. తప్పు రకం పెడితే మిగతా యంత్రాలు వదిలిన వేడినే అది మింగుతుంది.

మా పెద్ద స్విచ్‌కి తీగలు వేడి వరసలో ఉండేవి, ఫ్యాన్లు మేం తిరిగే చల్ల వరసలో. మేం నిలబడేది ఫ్యాన్ల దగ్గర కనక ఆ వైపును ఎదర అనడం నేనే మొదలెట్టాను. అందరికీ అలవాటైపోయింది. కాని తయారుచేసినవాడి లెక్కలో ముందు అంటే తీగలుండే వైపు. అంటే మా ఎదర వాడి వెనక. ఆ సంగతి హాలులో నాకొక్కడికే తెలుసు. ఎవరికీ చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు అనుకునేవాణ్ణి.

ఇంకొకటి కూడా చెప్పలేదు. నా స్క్రూడ్రైవరు చివర ఒక నూలుపోగు కట్టి ఉండేది. ఫ్యాను పెట్టాక ఆ పోగు దగ్గర పెడితే గాలి లోపలికి పోతోందో బయటికి వస్తోందో ఇట్టే తెలిసిపోతుంది. ఎవరూ చూడనప్పుడే చూసుకునేవాణ్ణి. ఎస్తేరుకి అన్నీ నేర్పాను, అది నేర్పలేదు. ఒక్కటైనా నా దగ్గర మిగలాలి కదా అనుకున్నాను.

పెద్ద స్విచ్‌కున్న రెండు ఫ్యాన్లలో ఒకటి మూలగడం మొదలెట్టింది. రెండూ మార్చెయ్యమని, ఆదివారం పని తక్కువ కనక అప్పుడు చెయ్యమని మేనేజరు ఎస్తేరుకి చెప్పాడు. నాకు కాదు. ఆమె చర్చిలో ఆరాధన మానుకుని వెళ్ళింది. నేను ఇంట్లో కూర్చున్నాను, ఫోను పక్కన పెట్టుకుని. అడుగుతుందని నాకు తెలుసు. అడగాలనే కూర్చున్నాను.

"మావయ్యా, ఒక డబ్బా మీద ఫ్రంట్ టు బ్యాక్ అని ఉన్నాది, ఇంకోదాని మీద బ్యాక్ టు ఫ్రంట్. సల్లగాలి ఎదర నుంచే కదా వస్తాది. ఫ్రంటంటే మన ఎదరే గదా?"

నాకు అంతా ఒక్కసారి కనబడింది. ఏ డబ్బా ఆమె చేతిలో ఉందో, ఏది పెట్టబోతోందో, తర్వాత ఏమవుతుందో.

"ఎదరంటే ఎదరే" అన్నాను. "అంత సదువు సదివి, ఎదరేదో ఎనకేదో నన్నడుగుతావేటమ్మా?"

నవ్వింది. "అది కాదు మావయ్యా. మీ నోటితో ఓపాలి సెప్పేస్తే నాకు దైర్యం."

"సెప్పేను గదా. ఫ్యాన్లు ఎట్టీ."

"ఎట్టేస్తన్నాను. అత్త మోకాళ్ళు ఎలాగున్నాయి?"

బాగానే ఉన్నాయన్నాను. ఫోను పెట్టేశాను.

ఇందులో అబద్ధం ఎక్కడుంది? ఎన్నేళ్ళు ఈ ప్రశ్నతోనే నన్ను నేను కాపాడుకున్నానో మీరు ఊహించలేరు. ఎదరంటే ఎదరే. ఏ కోర్టులో పెట్టినా నిలిచే మాట. ఆమె సరిగ్గా అడగలేదు, ఫోనులో సరిగ్గా వినబడలేదు, నేను వేరే ధ్యాసలో ఉన్నాను, ఇలా ఎన్ని సాకులైనా అల్లుకోవచ్చు, అల్లుకున్నాను కూడా.

కాని సోమవారం పొద్దుటికి సాకు లేదు. నేను వెళ్ళేసరికి నా తెర మీద పెద్ద స్విచ్ వేడెక్కుతోందని హెచ్చరిక కనబడుతోంది. ఆదివారం పని లేక నెమ్మదిగా కాగింది, ఇప్పుడు జనం వస్తున్నకొద్దీ ఎక్కుతోంది. హాలులోకి వెళ్ళాను. ఎవరూ లేరు. స్క్రూడ్రైవరు తీసి ఫ్యాను దగ్గర పెట్టాను. లోపలికి పోవలసిన పోగు నా మొహం మీదికి ఎగిరింది. సరైన డబ్బాలు అలమారులో ఉన్నాయి. మార్చడం నాకు చిటికెలో పని. ఆ రోజు ఏవో కాలేజీల మార్కులు మా యంత్రాల్లోంచే బయటికి వెళ్ళాలి, పిల్లలు కాచుకుని ఉంటారు. అదీ తెలుసు.

హెచ్చరికను తెర మీంచి తీసేసి, గేటు దగ్గర బడ్డీకి వెళ్ళి టీ తాగాను.

ఫోనులో అన్న మాట కుళ్ళు. ఆ టీ మాత్రం నేరం. ఆ రెంటికీ తేడా నాకు తెలుసు.

లోపల కేకలు మొదలయ్యాక వచ్చాను. స్విచ్ తనను తాను ఆపేసుకుంది. మార్కుల పని ఆగిపోయింది, అవతలి నుంచి ఫోన్లు. ఎస్తేరు మొహం సున్నం కొట్టినట్టుంది. నేను అందరి ముందూ ఫ్యాన్లు లాగి, సరైనవి తోసి, పెట్టెను లేపాను. రేడియో మాస్టారు లేకపోతే ఏమైపోయేదని ఎవరో అన్నారు. ఆ మాట తియ్యగా ఉంది. ఉందనే రాయాలి కదా, రాయకపోతే ఈ ఒప్పుకోలు దేనికి?

విచారణలో ఆమె నిజమే చెప్పింది. మావయ్యను అడిగాను, ఎదరంటే ఎదరే అన్నారు అంది. మేనేజరు నా వైపు చూశాడు. అవునన్నాను, అందులో తప్పేముంది అన్నాను. గదిలో అందరూ నవ్వారు. ఆమెకు 'ఎదరెనక ఇంజనీరు' అని పేరు పడింది. ఖాయం చేస్తారనుకున్న పిల్లను పంపేశారు. వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి, పనిముట్ల సంచి తిరిగి ఇచ్చింది. అందులో స్క్రూడ్రైవర్లు ఒక వరసలో, నేను నేర్పిన వరసలోనే ఉన్నాయి. హాలు బాధ్యత నా దగ్గరే ఉండిపోయింది. రిటైరైన రోజు శాలువా కప్పారు. ఆ తర్వాత నన్ను అక్కడ ఎవరూ తలుచుకోలేదు. కోపం రాలేదంటే అబద్ధం. కాని దేనిమీద కోపం? దొంగిలించిన కుర్చీ లాక్కున్నారనా?

ఇది జరిగాక కొన్నేళ్ళకి కొత్తవలస స్టేషన్లో కనబడింది. నేను పాసింజరు కోసం బెంచీ మీద కూర్చున్నాను. ఆమే చూసి వచ్చింది. నేను ఎప్పుడో వదిలి వచ్చేసిన శృంగవరపుకోటలోనే, బట్టల కొట్లో బిల్లులు రాస్తోందట. యంత్రాల జోలికి మళ్ళీ వెళ్ళలేదట. ఇప్పటికీ ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా ముందు వైపు ఏదో రెండుసార్లు చూసుకుంటానంది, నవ్వుతూ. తాళంచెవిని కూడానట. నేను నవ్వలేదు. అప్పుడు విచారణలో మీ పేరు లాగాను మావయ్యా, మనసులో పెట్టుకోకండి అంది. అత్త మోకాళ్ళ గురించి అడిగింది.

నన్నే క్షమాపణ అడిగింది. నేను ఏం చేశానో చెప్పనా? పెద్దమనిషిలా తలూపాను. పరవాలేదమ్మా అన్నాను. రైలు వచ్చింది, ఎక్కాను. కిటికీ దగ్గర కూర్చుని చూస్తే ఆమె ఇంకా చెయ్యి ఊపుతోంది.

ఆ నూలుపోగు స్క్రూడ్రైవరు ఇంట్లో ఉంది. మా ఆవిడకు కూడా ఈ సంగతి చెప్పలేదు. ఇది చదివినవాళ్ళు నన్ను మన్నించాలని రాయడం లేదు. మన్నించే హక్కు ఉన్న మనిషికి తను మన్నించాల్సింది ఉందనే తెలియదు. వెళ్ళి చెప్పొచ్చు కదా అంటారు. చెప్పొచ్చు. శృంగవరపుకోట ఎంత దూరమని? నాకు ఆ ధైర్యం ఇంకా రాలేదు. ముందు ఆ మాట నా నోట్లోంచి బయటికి రావాలి. ఆ ఆదివారం ఫోనులో చెప్పవలసిన జవాబును ఇన్నాళ్ళకు ఇక్కడైనా చెబుతున్నాను. రాస్తుంటే ఊపిరి ఆడుతోంది.

కాదమ్మా. ఆగు. డబ్బా మీద ఫ్రంటంటే తీగలున్న ఏపు. మన ఎదర దానికి ఎనక. సేతిలోది పక్కనెట్టి, రెండో డబ్బా తియ్యి.