తెల్ల కారుకు ఎర్ర చెవి

ధర్మయ్య ఒకసారి చెప్పిన అబద్ధాన్ని రెండోసారి చెప్పడు. అది ఆయన నీతి. నిన్నటి ముచ్చట మళ్లీ చెప్పమంటే, "పాసిపోయింది ఎందుకు తింటవ్? తాజాది వెడ్త, కూసో" అంటాడు. ఆర్మూర్‌లో ఆయనకు సాటి లేరు. బాల్కొండలో ఇంకొకడు ఉన్నాడని విన్నాం గాని, ఆ మాట చెప్పిందీ ధర్మయ్యే.

పెర్కిట్ చౌరస్తాలో పాత కార్ల సామాన్లు అమ్మే లింగానికి ఇదంతా తెలుసు. అయినా ఆ రోజు ధర్మయ్య పాత తెల్ల కారు కుడి అద్దం లేకుండా దుకాణం ముందు ఆగేసరికి నోరు జారాడు.

"ఏమైందే ధర్మన్నా?"

"సిద్ధులగుట్ట కింద ఆపిన తమ్మీ. నెమలి వచ్చి అద్దంల సూసుకున్నది. 'నా గుట్ట మీదికి నువ్వెవనివి?' అని ముక్కుతోని ఒక్కటిచ్చింది."

"మరి అద్దం వెనక డొప్పేది?"

"గూడు కట్టుకుంటందుకు ఎత్కపోయింది."

లింగం దండం పెట్టి, కొత్త అద్దం ధర చెప్పాడు. ధర్మయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"కొత్తదా! గీ కారుకు కొత్తది వెడితే తక్కిన కారంత సిగ్గువడ్తది. ఉన్నదాంట్లనే జూడు. శుక్రవారం లోపల గావాలె."

లింగం పాత సామాన్ల కుప్పలో వెతికితే ఎర్ర డొప్ప ఒకటి దొరికింది, అద్దం లేనిది. బీరువా అద్దం ముక్క అతికించమన్నాడు ధర్మయ్య. లింగం ఒప్పుకోలేదు. "అది సాపు అద్దమన్నా. పక్కన లారీ ఉన్నా కనవడది. పాత వ్యాను అద్దం ఉబ్బుగ ఉంటది, అది కోస్త." కాగితం మీద డొప్ప కొలత గీసి, అద్దం కోసి, గమ్ముతో అతికించాడు. ఆరడానికి ఒక రోజు పడుతుందన్నాడు.

మర్నాడు ధర్మయ్య దుకాణంలో ఉండగానే గజేందర్ దిగాడు. ధర్మయ్య భార్య రాధాబాయికి తమ్ముడు. మస్కట్‌లో పని. కారు అతనిదే. బావ కిరాయిలు కొట్టుకుని బతుకుతాడని వదిలిపోయాడు. ఇప్పుడు సెలవుకు వచ్చాడు.

"బావా, నా కారు అద్దమేది?"

"మెండోర పోయిన గజేందర్. డ్యాం గేట్లు ఎత్తిండ్రు. బొచ్చె చేప ఎగిరిందీ..."

"నెమలన్నవట గదా!"

"నెమలి నిన్నటిది."

గజేందర్ నవ్వలేదు. "ఇంకొగల చేతికి స్టీరింగిచ్చినవా? నిజమైతే కారు అమ్మేస్త."

"నేనే పలగ్గొట్టిన."

"ఎట్ల?"

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుంటే ఆయన ధర్మయ్యే కాడు. "మార్కెట్ యార్డుల పసుపు కుప్ప పక్కన ఆపిన. అద్దంల ఇంకో కుప్ప కనవడ్డది. సేట్లు ఇద్దరు దానికీ వేలం పాట పాడిండ్రు. లేని కుప్ప నాదంటే నాదని కొట్లాట. నడుమల నేను, నా అద్దం..."

చుట్టూ జనం విరగబడి నవ్వారు. గజేందర్ తాళం చెవి లాక్కున్నాడు. "రేపు ఇక్కడికే వస్త. నిజం చెప్తే చెప్పినవ్. లేకుంటే కారు గీ లింగానికే అమ్ముత."

ధర్మయ్యకు ఆ కారే కూడు. అయినా ఆ రాత్రికి కూడా నిజం బయటికి రాలేదు.

మర్నాడు లింగం ఎర్ర డొప్పను కారుకు చెవిలా బిగిస్తుండగానే బావా బామ్మర్దీ వచ్చారు. వెనకనే రాధాబాయి వచ్చింది, బీడీలు చుట్టే చేతులు కడుక్కోకుండానే. ధర్మయ్య గొంతు సవరించుకున్నాడు.

"కమ్మర్‌పల్లిల ఒక కోతి..."

"ఇగ ఆపు!" అంది రాధాబాయి. "నేను పలగ్గొట్టిన. కారు తోలుకుంట యార్డు గేటు కంబానికి రాకిచ్చిన."

 చుట్టూ ఉన్నవాళ్లు మునుపటికన్నా గట్టిగా నవ్వారు. "ఇది మంచిగ లేదక్కా, నెమలిదే నయముండె!" అన్నాడు పంక్చర్ల సంతోష్.

గజేందరూ నవ్వాడు. "అక్కా, గిది బావనే నేర్పిండా?"

"ఆఁ, నేర్పిండు. గేర్లు, క్లచ్చి, రివర్సు, అన్నీ నేర్పిండు. శుక్రవారం నాకు లైసెన్సు పరీక్ష."

నవ్వు ఆగిపోయింది. లింగం చేతిలో పానా కూడా ఆగింది. ఇన్ని కథల్లో నెమలి ఉంది, చేప ఉంది, సేట్లు ఉన్నారు, కోతి రాబోయింది. రాధాబాయి ఒక్కతే ఎక్కడా లేదు. అన్నింట్లోనూ వెర్రివాడు ధర్మయ్యే.

"ఆడోళ్ల చేతికిస్తే గిట్లనే ఉంటది..." గజేందర్ మొదలుపెట్టాడు.

"మొగోళ్లు గుద్దలేదా గా కంబానికి? గుద్ది గుద్ది దాని సున్నమంత రాలిపాయె!" అంది రాధాబాయి. "అమ్ముతవా, అమ్ముకో. ఇంకో కారు మీద నేర్చుకుంట. అమ్మే ముందు ఎక్కి కూసో."

తాళం అతని చేతిలోంచి తీసుకుంది. గజేందర్ వెనక సీట్లో పడ్డాడు. దుకాణం పక్కన ఆగిన లారీకీ టైర్ల కుప్పకూ మధ్య జానెడు సందు. రాధాబాయి ఎర్ర చెవిలోకి చూస్తూ, దేనికీ తగలకుండా కారును వెనక్కి రోడ్డు మీదికి తీసింది.

గజేందర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. ముఖమంతా చెమట.

"బావా, నాకు జెప్తే ఏమైతుండె?"

"నువ్వు వద్దంటుంటివి, ఇది నేర్చుకునుడు బంద్ జేస్తుండె. నన్ను జూసి ఊరు నవ్వితే ఏం బోయింది? నాకది అలవాటే."

గజేందర్ తల లోపలికి తీసుకుని అక్క వైపు వంగాడు. "శుక్రవారం నేను గూడ వస్త. జర మెల్లగ తోలు."

రాధాబాయి గట్టిగా హారన్ కొట్టింది. "ఏమయ్యా, ఎక్కుతవా, నడుస్తవా?"

ధర్మయ్య ఎగిరి ఎడమ సీట్లో కూర్చున్నాడు. చౌరస్తా దాటేదాకా ఆయన నోరు కొత్త కథ చెబుతూనే ఉంది. కాలు మాత్రం అక్కడ లేని బ్రేకును బలంగా తొక్కుతూనే ఉంది.