పొయ్యిలో మండని సోజు

మణుగూరు బొగ్గు గనిలో ఇరవై ఆరేళ్లుగా డంపర్ నడుపుతున్న కోటేష్‌ను భయపెట్టే మనిషి లోకంలో ఒక్కడే. ఆయన వియ్యంకుడు రాందాస్. అలాగని రాందాస్ గొంతు పెంచే మనిషి కాదు. టేకులపల్లి అవతల తండాలో పత్తి, మొక్కజొన్న పండించుకునే నెమ్మదస్తుడు. కాకపోతే ఏ పెళ్లిలో కలిసినా, పదిమంది చేరేదాకా ఆగి, "మా బావ ఇంట్ల ఎంత తాగినా భయం లేదు. దూప తీరుతది, అంతే" అంటాడు.

మూడేళ్ల కిందట కోటేష్ కూతురి పెళ్లిలో పుట్టిన మాట అది. ఆ రోజు రాందాస్ తన గ్లాసులోంచి నాలుగు చుక్కలు పొయ్యిలో చల్లాడు. అసలు సిసలు ఇప్పసారా అయితే భగ్గుమని మండాలి. అది చుయ్‌మని, ఉన్న నిప్పును కూడా ఆర్పింది. చుక్క నీళ్లు కలపలేదని కోటేష్ అందరి ముందూ ప్రమాణం చేశాడు. చుక్క కలపలేదన్నది నిజమే. కలిపింది రెండు బిందెలు. పిలిచినవాళ్లకు రెట్టింపు మంది దిగితే పాపం ఏం చేస్తాడు! ఆ సంగతి భార్య పుష్పకు కూడా చెప్పుకోలేదు.

ఇప్పుడు ఈ ఆదివారం వియ్యాలవారు భోజనానికి వస్తున్నారు. రాందాస్ నోటి నుంచి ఆ మాట ఇంకెప్పుడూ రాకుండా చేయాలని కోటేష్ పట్టుదల. హైదరాబాద్‌లో ఉండే కూతురు పోయిన నెల వచ్చినప్పుడు, కొరియా సీరియళ్లలో అందరూ తాగేది ఇదేనంటూ రెండు పచ్చసీసాల సోజు బీరువా మీద పెట్టి వెళ్లింది. ఆయన ఆమెకు ఫోన్ చేశాడు.

"ఉత్తది పోస్తే ఏం బాగుంటది నాన్నా? ఒక వంతు సోజు, ఒక వంతు సోడా. అర చెక్క నిమ్మరసం, చెంచాడు తేనె, దంచిన అల్లం. మూతపెట్టి బాగా ఊపు. గింతే."

సోడా ఆఖర్న పోయాలని చెప్పడం ఆ పిల్ల మరిచిపోయింది. శుక్రవారం కోటేష్ రెండు గ్లాసుల సరుకు మోతాదుగా కొలిచి, అన్నీ కలిపి, తాను డ్యూటీకి చాయ్ తీసుకుపోయే ఫ్లాస్కులో పోసి ఊపాడు. మూత వెళ్లి ఫ్యాను రెక్కకు తగిలింది. తేనె, నిమ్మరసం గోడమీది క్యాలెండర్ నిండా కారాయి.

పుష్ప వంటింట్లోకి తొంగిచూసింది. "గనిల బ్లాస్టింగులు సాల్తలేవా? ఇంట్ల గూడ మొదలువెట్టినవ్?"

మర్నాడు బస్టాండు దగ్గర సోడా కొట్టు ఖయ్యూంను కోటేష్ గుట్టుగా అడిగాడు. ఖయ్యూం మందు ముట్టడు గానీ, నిమ్మసోడా కలపడంలో చేయి తిరిగినవాడు.

"సోడా పోసినంక ఊపొద్దన్నా. ఒక్కసారి చెంచా తిప్పి వదిలెయ్యాలె" అని, డజను సీసాలు సంచిలో పెడుతూ, "ఇంతకీ గిన్ని సోడాలు ఎవరికి?" అన్నాడు.

"మీ వదినెకు కడుపుబ్బరం" అన్నాడు కోటేష్. సాయంత్రానికల్లా ఖయ్యూం భార్య మలికా వాము పొట్లంతో పుష్పను పరామర్శించడానికి వచ్చింది. ఆ రాత్రి కోటేష్‌కు పచ్చడి మెతుకులే దక్కాయి.

ఆదివారం వియ్యాలవారు పొద్దున్నే దిగారు. కంపెనీ క్వార్టర్ వెనక పెరట్లో, కట్టెల పొయ్యి మీద నాటుకోడి ఉడుకుతోంది. కోటేష్ అందరి కళ్లముందే రెండో సీసా మూత తిప్పి తీశాడు. నిమ్మరసం, తేనె, అల్లం, సోజు కలిపి ఊపాడు. సోడా ఆఖర్న పోశాడు. పైన పుదీనా ఆకు కూడా వేశాడు.

రాందాస్ గ్లాసు ఎత్తి చూశాడు. "గీ ఆకెందుకు బావా? నీళ్లు కనపడకుంటనా?"

అని, గ్లాసు పక్కన పెట్టి, సీసాలోది అరచేతిలో ఒంపుకుని పొయ్యిలో చల్లాడు.

చుయ్‌మంది.

"మూడేండ్లయినా నీ చెయ్యి మారలే."

"బావా, నీ ముంగటనే మూత తీస్తి గద! గిది మనూరి సారా లెక్క మండది. ఆల్కహాల్ పదహారు శాతమే ఉంటది. సీసా మీదనే రాసుంది, సూడు."

రాందాస్ కళ్లజోడు పెట్టుకుని ఆ కొరియా అక్షరాలను తీరిగ్గా చూశాడు. "నువ్వు సదివినవా?"

"బిడ్డ చెప్పింది."

"అవ్. ఆ దినం నువ్వు గూడ చెప్పినవ్."

ఇవాళ కోటేష్ నిజమే చెబుతున్నాడు. ఆనాటి అబద్ధం ఉన్నంత కాలం ఈ నిజానికి విలువ లేదు. పుష్ప గరిటెతో కూర తిప్పుతోంది. వియ్యపురాలు పక్కనే ఉల్లిగడ్డలు తరుగుతోంది. వాళ్లు లోపలికి వెళ్తే బాగుండునని కాసేపు చూశాడు. వాళ్లు కదల్లేదు.

"ఆ దినం కలిపిన బావా" అన్నాడు చివరికి. "రెండు బిందెలు. గియ్యాల మాత్రం కలపలే."

గరిటె ఆగింది. "రెండు బిందెలా!" అంది పుష్ప. "సారా తెచ్చింది మా అన్నలాయె, నీళ్లు కలిపింది గూడ మీరే అని వాళ్లతోని కొట్లాడితిని గదయ్యా! మా పెద్దన్న మన గడప తొక్కక మూడేండ్లాయె!"

రాందాస్ మాత్రం నింపాదిగా గ్లాసు అందుకున్నాడు. "రెండేనా? నేను మూడనుకున్న" అని ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. "మంట లేదు గని, పుల్లపుల్లగ మంచిగనే ఉంది. కలపలే. నమ్మిన."

కోటేష్‌కు ప్రాణం లేచొచ్చింది. "అయితే ఇగ ఆ మాట అనవు గద?"

"గదెట్ల? ఇన్నాళ్లు అనుమానంతోని అన్న. నిజమని నువ్వే చెప్పినంక ఎందుకు మానాలె?"

వియ్యపురాలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కోటేష్‌కూ నవ్వొచ్చింది. ఆ మాటకు ఆయన నవ్వడం అదే మొదటిసారి. పుష్ప మాత్రం నవ్వలేదు. ఫోన్‌లో పెద్దన్న వీరన్న నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, మొగుడి ముందు చాపింది.

"ఏంది పుష్పా?" అంది అవతలి గొంతు.

కోటేష్ గ్లాసు కింద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "నేను బావా, కోటేష్‌ను. పెట్టెయ్యకు. ఒక మాట చెప్పాలె."