మా సుజాతక్క ఒక్క బుక్క కేకులు

మా అక్క సుజాత పోయిన రోజున ఆమె ఇంట్లో నేనొక తప్పు చేశాను. అది ఒప్పుకోకుండా ఆమె గుణగణాలు చెప్పే అర్హత నాకు లేదు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

ఆ తెల్లవారుజామున బావ ఫోన్ చేసి, "మీ అక్క లేస్తలేదురా" అన్నాడు. నిజామాబాద్ నుంచి నేను బోధన్ చేరేసరికి, గుండె నిద్రలోనే ఆగిపోయిందని డాక్టర్ చెప్పి వెళ్లిపోయాడు. బావ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. టెంటుకు, పాడెకు, చుట్టాల ఫోన్లకు అన్నిటికీ నేనే అయ్యాను. ఇంతలో వాడకట్టు పెద్దావిడ ఒకరు, "సావైన ఇంట్ల వండినయ్ ఉంచద్దు బిడ్డా, పారబొయ్యాలె" అంది. చేతులకు ఏదో ఒక పని దొరికితే చాలనిపించే స్థితిలో ఉన్నాను. ఫ్రిజ్ తలుపు తీసి పప్పు, పాలు, అన్నం గిన్నె తీసేశాను. కింది అరలో మూతపెట్టిన స్టీలు పళ్లెం ఉంది. అందులో కాగితపు గిన్నెల్లో వరుసగా చిట్టి చీజ్‌కేకులు, ఒక్కోదాని మీద గింజ తీసిన సీతాఫలం గుజ్జు. చూశాను. అన్నిటితో పాటే వాటినీ పెరటి చెత్తలోకి ఒంపేశాను.

అక్క కూతురు మౌనిక డిచ్‌పల్లిలో హాస్టల్‌లో ఉండి చదువుకుంటుంది. దహనం అయి, స్నానాలు అయి, పొద్దు వాలాక ఆ పిల్ల వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తీసింది.

"మామా, అమ్మ చేసినయ్ ఏవి?"

"ఏంటివి బిడ్డా?"

"కేకులు. నిన్న ఫోన్ల చెప్పింది. సీతాఫలంవి చేసిపెట్టిన, ఆదివారం వచ్చి తిను అన్నది."

చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "అందరు పారబొయ్యమంటరు. నువ్వు ఒక్కటన్న దాసిపెట్టకపోతివి" అని తలుపు మెల్లగా మూసింది. ఆ తర్వాత కర్మ అయ్యేదాకా నాతో మాట్లాడలేదు.

అక్కను ఎరిగినవారికి ఆ కేకుల సంగతి తెలుసు. ఎరగనివారికి చెబుతాను. ఫోన్‌లో ఎవరో చేస్తుంటే చూసి మొదలుపెట్టింది. దానికి కావలసిన చీజ్ మా దిక్కు దొరకదు. దొరికినా కొనేది కాదు. గేదెపెరుగును పలుచని బట్టలో మూటకట్టి కిటికీ ఊచకు వేలాడదీసేది. నీరంతా కారి గట్టిపడిన ఆ ముద్దలో మెత్తగా నూరిన పన్నీరు, డబ్బాలో వచ్చే చిక్కటి తియ్యపాలు, కాస్త మొక్కజొన్న పిండి కలిపేది. బిస్కెట్ల పొడిలో వెన్న కలిపి, చిన్న కాగితపు గిన్నెల అడుగున బొటనవేలితో అదిమి, పైన ఈ ముద్ద పోసి, ఇడ్లీపాత్రలో ఆవిరి పట్టేది. చల్లారాక పైన పండు పెట్టి ఫ్రిజ్‌లో ఉంచేది. మామిడి, దానిమ్మ, నల్లద్రాక్ష, చలికాలంలో బెల్లంతో మగ్గబెట్టిన రేగుపండ్లు. ఏ రుతువులో ఏది దొరికితే అది.

పండ్ల బజారులో ఆమె పక్కన నిలబడటం ఒక శిక్ష. ఒకసారి జామపండ్లు ఏరుతూ బండి ఆయనను, "ఇది పండిందా అన్నా, పండుతనని నీకు మాటిచ్చిందా?" అని అడిగింది. ఆయన తక్కువవాడు కాదు. "మాటిచ్చింది అక్కా, మీ ఇంటికి పోయినంక పండుతదట" అన్నాడు. "ఐతె పండినంకనే వస్త, నీ దగ్గర్నే ఉండనియ్" అని చక్కా వచ్చేసింది. వాడిన పండు, పచ్చి పండు దేన్నీ పైన పెట్టనిచ్చేది కాదు.

అక్క అత్తగారు బ్రతికి ఉన్నప్పుడు కేకు పేరెత్తితే గుడ్డు వాసన అని ముక్కు మూసుకునేది. అక్క ఓపికగా, గుడ్డు లేదని చూపిస్తూ ఎదురుగానే కలిపి, ఆవిరిపట్టి పెట్టింది. ముసలావిడ నోట్లో వేసుకుని, "తియ్యపెరుగే గదనే, దీనికింత తతంగమేంది?" అంటూనే చెయ్యి చాపింది. "తతంగమంత నీ చెయ్యి మళ్ల సాపియ్యటానికే అత్తా" అంది అక్క. ఆ ఇంట్లో అంత పెద్ద నవ్వు నేను మళ్లీ వినలేదు.

తీపి తక్కువ వేసేది. చక్కెర ఫ్యాక్టరీకి పేరుపడ్డ బోధన్‌లో ఉండి ఇంత పిసినారితనమా అని నేను ఎగతాళి చేస్తే, "ఫ్యాక్టరీ నడిసినన్ని రోజులు ముక్కుతోటే తిన్నం తమ్మీ శక్కర. ఇగ నోటికెందుకు?" అనేది.

ఇంత చిన్నవే ఎందుకు చేస్తావు, ఒక పెద్దది చేసి కోస్తే పని తప్పుతుంది కదా అని కూడా అడిగాను. "కోసుడంటు ఉంటె ఎవనికి పెద్ద ముక్క వచ్చిందని సూస్తరురా. ఇది ఒక్క బుక్క, నోట్లెయ్యంగనె అయిపోతది. అందరిది ఒక్కటే" అంది. నవ్వేసి ఊరుకున్నాను. బాపు తెచ్చిన ఏ మిఠాయి అయినా మా ఇంట్లో పెద్ద ముక్క కొడుకునైన నాకే వచ్చేది. అక్క ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎన్నడూ గుర్తుచేసుకోలేదు.

పదకొండో రోజు దాటాక ఒక ఆదివారం పెరుగు, సీతాఫలాలు తీసుకుని బోధన్ వెళ్లాను. మౌనిక ఇంకా హాస్టల్‌కు పోలేదు.

"నాకు నేర్పు బిడ్డా."

"ఇప్పుడెందుకు మామా నీకు?"

"పారబోసినోన్ని నేనే. చేసేది గుడ నేనే చెయ్యాలె."

"అవి మళ్ల రావు."

"రావు. తెలుసు."

మౌనిక జుట్టు ముడి వేసుకుని, "ముందు చేతులు కడుక్కో" అంది.

మూట తొందరపడి విప్పాను. నీరు పూర్తిగా కారలేదు. ఆవిరి పట్టినా గట్టిపడలేదు. పైన పెట్టిన పండు అడుగుకు దిగిపోయింది. "ఇది కేకు గాదు మామా, పప్పు కట్టు. అన్నంల పోసుకుందాం" అంది. గుమ్మంలో నిలబడిన బావ, అక్క పోయాక మొదటిసారి నవ్వాడు. నవ్వి వెంటనే కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత నిజామాబాద్‌లో మా వంటింట్లో ఒంటరిగా చేశాను. పాడయ్యాయి. మళ్లీ చేశాను. అలసట ఇప్పుడు నాకు కొత్త కాదు. అక్క లేని రోజులు ఏ పనీ లేకపోయినా బరువుగానే గడుస్తున్నాయి. పోయిన ఆదివారం కొంచెం నిలబడినవి డబ్బాలో సర్ది డిచ్‌పల్లి తీసుకెళ్లాను. హాస్టల్ గేటు బయట సిమెంటు బెంచీ మీద కూర్చుని మౌనిక ఒకటి నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుని నెమ్మదిగా తింది. అది వాళ్లమ్మ చేతిది కాదు. ఆ చేతి చివరి పళ్లెం నేనే ఒంపేశాను. ఈ జన్మకు ఆ లోటు తీరదు, తీరుస్తానని నేను అనను.

"పులుపు తక్కువైంది మామా" అంది కళ్లు తెరిచి. "మళ్ల ఆదివారం తెచ్చేటప్పుడు పెరుగు ఒకరోజు ముందుగాల తోడెయ్యి."

ఇది రాస్తున్నది శుక్రవారం సాయంత్రం. పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, తోడేసి వచ్చి కూర్చున్నాను.