దెయొలిండా అక్క తాగిన మొదటి గుక్క

తిబాజి నది ఒడ్డున కంచరగాడిదల మందలు తోలిన వంశం మాది. నాది ఊరి బడి చదువే. ఆ చదువుతోనే బడికి పైకప్పు వేయించాను, ఊరికి వంతెన సాధించాను. అయినా మా ఇంట్లో గొప్పది నేను కాదు, మా పెద్దక్క దెయొలిండా. తన్నే గాడిదను మచ్చిక చేయడంలో ఆమెకు ఎదురు లేదు. కంతి వచ్చిందని ఒకవైపు రొమ్ము తీసేస్తే, మరుసటి ఏడే మళ్లీ జీనెక్కింది.

అంతకు చాలా ముందు ఆమె కూతురు మూడేళ్లకే పోయింది. పసిదాని గొంతు బొంగురుపోయి, ఒంటిమీద పెద్దవాళ్లకు మల్లే వెంట్రుకలు మొలిచాయి. దిష్టి అన్నారు. కిడ్నీ మీద కంతి అని పోయాక తెలిసింది.

అసలు కారణం ఈమధ్య జన్యు పరీక్షలకని మా ఊరికొచ్చిన డాక్టరమ్మ చెప్పింది. ఒంట్లో ప్రతి కణంలోనూ పి53 అనే జన్యువు ఉంటుందట. అది తయారుచేసే ప్రొటీన్ మెడలో గంటతో మా మంద ముందు నడిచి దారి చూపే గుర్రం లాంటిది. చెడిన కణం కనబడితే మిగతా జన్యువులను లేపి, ఆ కణం పెరగకుండా ఆపిస్తుంది, దాన్ని బాగుచేయిస్తుంది, కుదరకపోతే చంపిస్తుంది. మా వంశంలో ఆ గంట సరిగా మోగదు, అందుకే ఈ కంతులు. మందల బాటన వచ్చిన మా మూలపురుషుడే ఈ లోపం తెచ్చి ఉండొచ్చని కూడా ఆమె అంది.

అక్కడే మా అన్న ఒనోఫ్రెకు మండింది. తన ఇంట్లో ఎవరూ పరీక్షకు రక్తం ఇవ్వకూడదన్నాడు. ఆయన మనవరాలు నాయీర్‌కు మూడేళ్లు. దాని గొంతు అప్పటికే బొంగురుపోతోంది.

ఆదివారం అక్క మా అందరినీ, డాక్టరమ్మనూ పిలిచి పొయ్యి చుట్టూ కూర్చోబెట్టింది. సొరబుర్రలో మేం టీలా తాగే మాటె ఆకు పోసి వేడినీళ్లు వంపింది. కలిపినవాళ్లే మొదట తాగాలి, చేదంతా ఆ మొదటి గుక్కలోనే ఉంటుంది. అక్క తాగింది. డాక్టరమ్మకు చెయ్యి చాపి రక్తం ఇచ్చింది. తర్వాత బుర్ర నింపి అన్న ముందుంచింది.

"చేదు నేను తాగేశా. ఇక నీ వంతురా."

"మన రక్తానికే వంక పెడతావేంటక్కా?"

"మన మూలపురుషుడి పేరు పెట్టుకున్నాం, ఆయన జీను దాచుకున్నాం, గంట గోడకి తగిలించుకున్నాం. ఇదొక్కటీ మనది కాదంటే ఎట్లారా? వయసు తెలుసుకోడానికి పళ్లు చూపించమంటే గాడిద కూడా ఇంత పెంకితనం చెయ్యదు."

అందరూ నవ్వారు. చేతికిచ్చిన బుర్రను మాలో ఎవరూ కాదనరు. అన్న తాగి, చొక్కా చెయ్యి మడిచి, సూది సన్నదేనా అని గొణిగాడు.

ఆ వెనకే నాయీర్‌తో సహా అందరం రక్తం ఇచ్చాం. లోపం అక్కకుంది, అన్నకుంది, నాయీర్‌కుంది. నాకు లేదు, అందులో నా గొప్పేమీ లేదు. వెతికితే నాయీర్ కిడ్నీ మీదా కంతి కనబడింది, చిన్నగా ఉండగానే తీసేశారు. ఇప్పుడు మా వంశంలో ఏ బిడ్డ పుట్టినా, పరీక్ష అయ్యాకే బాప్తిస్మం. అది అక్క శాసనం.

నాయీర్ గొంతు ఇంకా బొంగురే. ఆ గొంతుతోనే గాడిదలను అదిలిస్తోంది.