నడిమి మాట

వేలూరులో ఉపాధ్యాయ శిక్షణ ముగించుకుని గుడియాత్తం నేతగాళ్ల వీధి బడికి వచ్చిన తొలి సంవత్సరం, నా పిల్లల చదువు చూసి నేనే మురిసిపోయేవాణ్ణి. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం మాట్లాడే పిల్లలు బైబిలు పుస్తకం పట్టుకుని కీర్తనలు గడగడ చదువుతుంటే, దేవుడు నా చేత మేలు జరిగిస్తున్నాడని ఆదివారం ప్రార్థనలో స్తోత్రం చెల్లించేవాణ్ణి.

వాళ్లలో పదేళ్ల పిల్ల ఒకతె ఉండేది. ఆమె తండ్రి మా క్రైస్తవ సంఘంలో మనిషే. మగ్గం నేస్తాడు, అక్షరం రాదు. నూలు కండెలు చుట్టడానికి ఇంట్లో చేతులు చాలడం లేదని, పిల్లను బడి మాన్పిస్తానని ఒక ఉదయం వచ్చాడు. ఇంత బాగా చదివే పిల్లను మాన్పించవద్దని బతిమాలి, ఆమె చేత ఒక కీర్తన చదివించాను. ఒక్క తప్పు పోలేదు. ఆయన అంతా విని, పుట నడుమ ఒక మాట మీద వేలు పెట్టాడు.

"ఈడేముండాది, పాపా?"

పిల్ల ఆ వేలి వైపు చూడనే లేదు. కళ్లు మూసుకుని కీర్తన మొదటినుంచి ఎత్తుకుంది. ఆయన ఆపి, ఇంకో చోట వేలు పెట్టాడు. మళ్లీ మొదటినుంచే.

"పోగు తెగితే, అయ్యవారూ, తెగినకాడ పట్టుకుంటాం. మొదట్నించి నేసుకుంటా వస్తామా?"

ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

తప్పు పిల్లది కాదు. నేను ముందు పలికితే వాళ్లు వెనక పలికేవారు. పుస్తకం చేతిలో ఉండేదే గాని కళ్లకు పని ఉండేది కాదు. మగ్గం మీది పడుగు నేసి అయిపోయేదాకా గడువు అడిగాను. సరేనన్నాడు, ఆ తర్వాత మాత్రం అడగొద్దన్నాడు.

మరునాటినుంచి ముందు పలకడం మానేశాను. తెలిసిన కీర్తననే కింది వరుసనుంచి పైకి చదివించాను. మాటలు విడివిడిగా ఇసుకలో రాసి గుర్తుపట్టమన్నాను. పిల్లలు ఒకరినొకరు పరీక్షించుకుంటూ, తప్పిన వాణ్ణి నీది చెవి చదువని ఎగతాళి చేసేవారు. బెత్తం కూడా పక్కన పెట్టేశాను. భయపడిన పిల్లకు కంఠస్థమే దిక్కు. గడగడలు పోయి తడబాట్లు వచ్చేసరికి, చదువు చెడిపోయిందని సంఘ పెద్ద ఒకరు నొచ్చుకున్నారు. నేను చలించలేదు. వాక్యం హృదయంలో ఉండవలసిందే. కాని తెలియని పుట తానే విప్పుకోలేని విశ్వాసి, బతికినన్నాళ్లూ ఇంకొకరి నోటి మీద ఆధారపడవలసిందే.

పడుగు అయిపోయిన రోజు సాయంత్రం ఆయన వచ్చాడు. పుస్తకం ఆయన చేతికే ఇచ్చాను. ఎక్కడో విప్పాడు. మేము బడిలో ఎన్నడూ చదవని కథ అది, కరువులో ఊరు విడిచిపోయిన ఒక ఇల్లాలిది. పిల్ల నెమ్మదిగా చదివింది. ఒక మాట దగ్గర ఆగిపోయింది. నా నోరు కదలబోతే పెదవులు బిగించుకున్నాను. ఆమె అక్షరాలు కూడబలుక్కుని ముందుకు సాగింది.

ఆయన వేలు పెట్టడం మరిచిపోయి గడప మీద కూర్చున్నాడు. పుట చివర ఆమె ఆగితే తల ఎత్తాడు.

"ఏల నిలిపినావు? ఆ యమ్మ ఊరు చేరిందా లేదా?"

"బడి విడిచే వేళయింది నాయనా" అంది పిల్ల.

"అట్లయితే రేపు ఈడ చదివి, ఇంటికొచ్చి చెప్పు" అంటూ లేచాడు. "కండెలు నేను చుట్టుకుంటాలే."