ఫాల్ట్ అంటే తప్పు కాదు

మా వదినకి ఆఫీసులో ‘తాళాలమ్మ’ అని పేరు. పెట్టింది నేనే. ఇంట్లో ఆమెకి ఆడపడుచుని, ఆఫీసులో ఆమె రాసిన ప్రోగ్రాముల్ని విరగ్గొట్టి చూసే టెస్టర్ని. రెండు చోట్లా నా పని వంకలు పెట్టడమే అయినా, జీతం మాత్రం ఒకచోటే ఇస్తున్నారు.

మాది కంప్యూటర్లు అద్దెకిచ్చే కంపెనీ. ఒక పెద్ద మెషీను, దాని లోపల ఇంట్లో వాటాల్లాగా చిన్న చిన్న మెషీన్లు. వాటికి మెమొరీని పేజీల లెక్కన పంచే ప్రోగ్రాముని పుస్తకాల్లో హైపర్‌వైజర్ అంటారు. మేం ‘ఓనరు’ అంటాం. లోపలుండేవాళ్లు అద్దెవాళ్లు. మామూలు అద్దెవాళ్ల మెమొరీలోకి ఓనరు ఎప్పుడైనా తొంగిచూడొచ్చు. వదిన చూసుకునేవాళ్ల సంగతి వేరు. వాళ్ల మెమొరీకి చిప్పే తాళం వేస్తుంది, తాళంచెవి ఓనరుకి కూడా ఇవ్వదు. ఒక రక్తపరీక్షల ల్యాబు ఆ మాట నమ్మే తన రిపోర్టులతో మా దగ్గరికి వచ్చింది.

ఆ తాళం వాళ్లకి చూపించాల్సిన రోజు పొద్దున్నే పెద్ద మెషీను కుప్పకూలింది. తాళం వేసిన వాటాతోపాటు, ఏ పాపం ఎరగని మిగతా వాటాలన్నీ పడిపోయాయి.

మేనేజరు ఊగిపోతూ వచ్చాడు. "స్క్రీన్ నిండా ఫాల్ట్, ఫాల్ట్ అని వస్తోంది. తప్పు ఎవరిదమ్మా?"

"ఫాల్ట్ అంటే తప్పు కాదు సార్. గడప దగ్గర ఎవరో ఆగిపోయారని కబురు. ఎవరు ఆగారో, ఎందుకు ఆగారో చూసి జవాబివ్వాలి" అంది వదిన.

"అవన్నీ నాకొద్దు. వాళ్లొచ్చేలోగా నిలబడకపోతే తాళం తీసేసి మామూలు వాటా ఇచ్చేద్దాం. వాళ్లకేం తెలుస్తుంది?"

నాకు ఒళ్లు మండింది. వదినకి మండదు. కోపం వస్తే జుట్టు ముడేసుకుని కుర్చీ ముందుకి లాక్కుంటుంది, అంతే. కాసేపటికి నన్ను పిలిచింది.

"చూడు. మన బ్యాకప్ ప్రోగ్రాము అలవాటుకొద్దీ తాళం వేసిన పేజీ మీద చెయ్యేసింది. చిప్పు కుదరదంది. ఆ మాటని ఓనరు ‘మెమొరీ పాడైంది’ అని అర్థం చేసుకుని ఇల్లంతా ఖాళీ చేయించాడు."

"ఆ లైను ఎవరు రాశారు?"

"మీ అన్నయ్యే, ఇక్కడ పనిచేసే రోజుల్లో. ఇంట్లోనూ అంతేగా. నేను వద్దంటే నాకు ఒంట్లో బాలేదనుకుంటాడు."

నవ్వాపుకుని ఒక సలహా పారేశాను. "పోనీ, ఫాల్ట్ వచ్చిన చోటల్లా ఒక ఖాళీ పేజీ పెట్టేస్తే పోదా వదినా? ఇదివరకటి ఓనరు ప్రోగ్రాము అదేగా చేసేది."

"ఎవరిదో రిపోర్టు ఉన్నచోట తెల్లకాగితం పెడతావా? అద్దెవాడు కొత్త పేజీ కోసం ఆగితే ఇవ్వాలి, సరిచూసుకుని వాడే తీసుకుంటాడు. ఫలానా పేజీకి తాళం వద్దని వాడే అడిగితే మార్చాలి. మన చెయ్యే తగిలితే వెనక్కి తీసుకుని, పంపినవాడికి కుదరదని చెప్పాలి. ఏదీ అర్థం కాకపోతే ఆ ఒక్క వాటానే ఆపాలి. ఊహించి మాత్రం ఏదీ చెయ్యకూడదు."

చెప్పినట్టే రాసింది. నేను నా చేతనైనన్ని రకాలుగా విరగ్గొట్టబోయాను. మెషీను చెక్కుచెదరలేదు. ఆడపడుచునైనా ఒప్పుకుంటాను, ఆ పూట మా వదినని చూసి నాకు గర్వమేసింది.

ల్యాబు నుంచి డాక్టరుగారు వచ్చారు. సన్నగా, కళ్లజోడుతో, పెద్దగా మాట్లాడని ఆవిడ. "ఆ బ్యాకప్ జోలికి పోకండి" అని మేనేజరు గొణిగాడు. "ముందు అదే చూపిస్తాను సార్" అని వదిన నా వైపు తిరిగింది. "ఊఁ, దొంగతనం మొదలుపెట్టు."

తాళం వేసిన పేజీ మీదకి బ్యాకప్‌ని పంపాను. కుదరదని జవాబొచ్చింది. వాటాలన్నీ మామూలుగా నడుస్తూనే ఉన్నాయి.

"మీ మేనేజరుగారు చెప్పినా చూడలేరా?" అడిగారు డాక్టరుగారు.

"ఆయన చెప్పినా, నేను అడిగినా కుదరదండీ" అంది వదిన.

"ఇంకోసారి చెయ్యండి."

చేశాను. మళ్లీ కుదరదనే వచ్చింది. ఆవిడ కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"వీటిల్లో నా రిపోర్టు కూడా ఉంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

వదిన తన కుర్చీ ఆవిడ పక్కకి జరుపుకుంది.

"మీరు చెప్పేదాకా అది మీదే డాక్టరుగారూ."